చెక్కుబందీలో పాడుబావి: సొంత అచ్చులో దెయ్యాల కథలు

(కడపలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట్లాడిన తీరు వీలైనంత వరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. దెయ్యాలున్నాయా లేవా అని తేల్చడానికి నేను రాలేదు. దెయ్యాల కథలు రాసి, సొంతంగా అచ్చేసుకుని, అమ్ముకుని, దాన్నొక బతుకుగా నిలబెట్టుకోవడం కుదురుతుందా అని నన్ను అడిగారు. కుదురుతుంది. అయితే జనం అనుకునే దారిలో కాదు. ఒక్క పుస్తకం హిట్టయి జీవితం మారిపోవడం తెలుగు హారర్‌లో సొంతంగా అచ్చేసుకున్న వాళ్లకు జరగ్గా నేను చూడలేదు. నేను చూసింది వేరే. ఒకరి పుస్తకం చదివి రాత్రి నిద్ర చెడగొట్టుకున్న మనిషి, తిట్టుకుంటూనే, మళ్లీ అదే మనిషి రాసిన ఇంకో పుస్తకం కోసం వెతుక్కుంటాడు. ఆ పాఠకుడు ఎవరో, ఏ ఊళ్లో ఉంటాడో రచయితకు తెలిసుండాలి. నేరుగా అతనికి పుస్తకం పంపగలగాలి. ఈ రోజు నేనెటు తిరిగినా చివరికి ఇక్కడికే వస్తాను, విసుక్కోకండి.

నేను రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర డీటీపీ సెంటర్ నడుపుతాను. పగలంతా క్రయపత్రాలు, దానపత్రాలు, భాగపరిష్కారాలు టైపు చేస్తాను. షట్టర్ దించాక కథలు. ఉద్యోగం మానేసి రచనలో దూకేయండి అని సలహా ఇచ్చేవాళ్లు మీకు తగిలితే, వాళ్ల ఇంటి అద్దె ఎవరు కడుతున్నారో ముందు కనుక్కోండి. (నవ్వులు) నవ్వులాటకు అనడం లేదు. నెల తిరిగేసరికి కథ మీద డబ్బు రావాలన్న టెన్షన్ ఉంటే, భయం కథలో ఉండదు, రాసేవాళ్ల కడుపులో ఉంటుంది. చేతిలో ఏదో ఒక పని ఉన్నప్పుడే కథను ఇంకో నాలుగు నెలలు నానబెట్టే ధైర్యం వస్తుంది.

పైగా నా విషయంలో ఆ పనే ముడిసరుకు. భూమి అమ్మిన దస్తావేజు మీరెప్పుడైనా నిదానంగా చదివారా? 'నిధి నిక్షేప జల తరు పాషాణాదులతో సహా' అని ఉంటుంది. అంటే పైనున్న చెట్టూ, కిందున్న నీళ్లూ, ఇంకా కింద ఎవరైనా పాతిపెట్టిన సొమ్మూ కూడా అమ్మేశామని. చట్టం మాత్రం ఆ మాట ఒప్పుకోదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, నేలలో పది రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ఈ పది రూపాయలకూ ఆ 'నిధి నిక్షేప'కూ మధ్యలో ఎంత కథ ఉందో చూడండి. మన సీమలో గుప్తనిధుల పిచ్చి ఎంతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పాత గుళ్ల దగ్గర, కోటల దగ్గర రాత్రుళ్లు తవ్వి దొరికిపోయిన వాళ్ల వార్తలు పేపర్లో వస్తూనే ఉంటాయి. దస్తావేజులో రాసుంది కాబట్టి ఆ నిధి తనదేనని నమ్మిన మనిషి ఎంత దూరం పోతాడు? అక్కడ దెయ్యం రాకముందే కథ మొదలైపోయింది.

చెక్కుబందీ, అంటే దస్తావేజులో నాలుగు దిక్కుల హద్దులు రాసే చోటు, ఇంకా గొప్పది. తూర్పున ఫలానావాళ్ల భూమి, పడమర వంక, దక్షిణం బండ్లబాట, ఉత్తరం పాడుబావి. ఆ బావి పూడ్చి తరాలు గడిచుంటాయి, అక్కడ ఇప్పుడు ప్లాట్లు వేసుంటారు, కాగితంలో మాత్రం బావి అలాగే ఉంటుంది. పాత కాగితం చూసి కొత్త కాగితం రాస్తారు కాబట్టి ఎప్పుడో పోయిన మనిషి పేరు ఉత్తరపు హద్దుగా నిలబడే ఉంటుంది. నా దగ్గరికొచ్చే వాళ్ల కాగితాల్లోంచి ఒక్క పేరు, ఒక్క సర్వే నంబరు నా కథల్లోకి రాదు. నా దగ్గరికొచ్చేవాళ్లు నన్ను నమ్మి కాగితం ఇస్తారు. ఆ పద్ధతిని మాత్రం వాడుకుంటాను. రెవెన్యూ లెక్కల్లో బేచిరాకు గ్రామాలని ఉంటాయి, ఇక్కడున్న రెవెన్యూ వాళ్లకు తెలుసు. ఊరి పేరుంటుంది, సర్వే నంబర్లుంటాయి, శిస్తు లెక్కలుంటాయి, కాపురం ఉండదు. అవి ఎందుకు ఖాళీ అయ్యాయి? కొన్ని కరువుకు, కొన్ని కలరాకు, కొన్ని దోపిడీలకు. ధాత కరువంటే 1876లో మొదలైంది. ఆ కరువులో ఊళ్లకు ఊళ్లే కదిలిపోయాయి.

ఇట్లాంటి సరుకు కావాలంటే కడపలో ఉన్నవాళ్లు ఎక్కడికీ పోనక్కర్లేదు. మెకంజీ కైఫీయతులున్నాయి, అంటే ఊళ్ల చరిత్రలు. కావలి సోదరుల వంటి సహాయకులను పెట్టుకుని కంపెనీ కాలపు సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఊరూరా రాయించినవి. ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఎప్పుడు పాడైంది, మళ్లీ ఎవరొచ్చి నిలబెట్టారు, అంతా ఉంటుంది. ఆయన 1821లో పోయారు. మన జిల్లా కైఫీయతులను ఇక్కడి బ్రౌన్ కేంద్రం వాళ్లు పుస్తకాలుగా వేశారు. బ్రౌన్ దొర 1820లో కడపకొచ్చి, బంగళా కొని, పండితులకు సొంత జీతాలిచ్చి తెలుగు గ్రంథాలు శుద్ధప్రతులు రాయించిన చోటు అది. సొంత డబ్బుతో పుస్తకాల పని చేయడం మన ఊరికి కొత్తేమీ కాదని నేనందుకే అంటుంటాను. ఆయనకు కలెక్టరు కచేరీలో ఉద్యోగముంది, నాకు డీటీపీ ఉంది. ఇద్దరం పగలు సర్కారు కాగితాల మీద బతికేవాళ్లమే. (నవ్వులు)

ఇక భయం గురించి. కొత్తగా రాసేవాళ్లు నాకు కథలు పంపుతుంటారు. పాడుబడ్డ బంగళా, కుండపోత వాన, మెరుపు, తెల్లచీర. నేనడిగేది ఒకటే: మన దగ్గర అంత వాన ఎప్పుడు చూశావు నాయనా? ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిన వంకలు చూసే మనుషులకు వాన పడితే సంతోషం, భయం కాదు. మనవాళ్లకు భయం ఎప్పుడో మా జేజికి బాగా తెలుసు. మిట్టమధ్యాహ్నం. 'ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు చింతమాను కిందికి ఒంటిగా పోవద్దు' అనేది. మే నెలలో కడప ఎండ నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు. వీధిలో కుక్క కూడా కనబడదు. తలుపులన్నీ మూసుంటాయి. నీడ మనిషి పాదాల కిందికి ముడుచుకుని ఉంటుంది. అలాంటి వీధిలో ఎవరో చెప్పుల్లేకుండా నడిచిపోతున్నారు. అంతే. మీకు వాన అక్కర్లేదు, చీకటి అక్కర్లేదు. ఆ నేల మీద ఆ టైముకు ఉత్త కాళ్లతో ఎవరూ నడవలేరని మన పాఠకుడికి ఒంటికే తెలుసు. హైదరాబాదులో ఏసీ గదిలో చదివే ప్రొద్దుటూరు కుర్రాడికి కూడా తెలుసు.

అట్లాంటిదే పాతర. ఇక్కడున్న పెద్దవాళ్లు చూసుంటారు, చిన్నవాళ్లు విని ఉంటారు. జొన్నలు దాచుకోవడానికి ఇంటి ముందో వీధిలోనో నేలలో లోతుగా తవ్విన గొయ్యి. లోపల చుట్టూ గడ్డి పరిచి, ధాన్యం పోసి, మూతి బండతో మూసి మట్టి మెత్తేవాళ్లు. నెలల తరబడి మూసున్న ఆ గోతిలో ధాన్యం తానూ గాలి పీల్చుకుంటుంది. ఉన్న ఆక్సిజన్ అయిపోయి కార్బన్ డయాక్సైడ్ నిండుతుంది. అది మామూలు గాలికంటే బరువు, అందుకే పైకి లేవకుండా అడుగునే పడి ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. తెలిసినవాళ్లు మూత తీసి చాలాసేపు వదిలేసి, దీపం దించి చూసి, అది ఆరిపోకుంటేనే మనిషిని దించేవాళ్లు. తొందరపడినవాళ్లు దిగి, వంగి, మళ్లీ లేవలేదు. వాళ్లను తీయడానికి దిగిన రెండో మనిషీ లేవలేదు.

ఇందులో దెయ్యం ఎక్కడుంది అంటారా? నేను పెట్టేది రెండో మనిషి దగ్గర. మొదటివాడు పడిపోయాడని తెలిసి కూడా దిగినవాడు. అతనికి లోపలినుంచి ఏం వినబడింది? ఎవరు పిలిచారు? సైన్సు చెప్పే కారణం కథలో ఉంటే భయం తగ్గిపోతుందని కొందరు భయపడతారు. నా అనుభవంలో పెరుగుతుంది. గ్యాసు సంగతి తెలిసిన పాఠకుడు దీపం ఆరిపోగానే 'దిగొద్దు' అని లోపల అరుస్తాడు. వాడు అరుస్తున్నాడంటే వాడు నా చేతిలో ఉన్నాడు. దీపం తర్వాత రాసే నాలుగు వాక్యాలను నేను మిగతా కథంతటికంటే ఎక్కువసార్లు తిరగరాస్తాను. చిన్న వాక్యాలు వేస్తాను. ఉపమానాలు తీసేస్తాను. అక్కడ 'భయంకరమైన' అన్న మాట పడిందంటే ఆ చోట పని చేయడం లేదని అర్థం.

హేతువాద మిత్రులు కొందరు నన్ను నిలదీస్తారు, మూఢనమ్మకాలు పెంచుతున్నావమ్మా అని. ఆ ప్రశ్న నేను కొట్టిపారేయను. చేతబడి చేస్తోందన్న అనుమానంతో ఒంటరి ఆడవాళ్లను, ముసలివాళ్లను కొట్టడం, చంపడం మన దేశంలో కథ కాదు. అందుకని నా పుస్తకాల్లో ఊరి చివర గుడిసెలో ఉండే ముసలామె మంత్రగత్తె కాదు, కాబోదు. అట్లాంటి కథలు ఒకప్పుడు వారపత్రికల్లో బాగా నడిచాయి, ఇప్పుడూ నడుస్తాయి. నడుస్తాయి కదా అని నేను రాయలేను. నా కథలో ఊరంతా ఆమెను అనుమానిస్తుంది, చివరికి అసలు భయం ఊరి మీద పుట్టాలి. ఇంకొకటి కూడా రాయను. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు మీదపడిన ఊళ్లు మన పక్కనే ఉన్నాయి. పులపత్తూరు, మందపల్లి వాళ్లు ఇంకా పోయినవాళ్లకు ఏటా తద్దినాలు పెట్టుకుంటున్నారు. ఆ నీళ్లలోంచి దెయ్యాన్ని లేపి అమ్ముకోవడం నాకు చేతకాదు. గండికోట జలాశయం కింద మునిగిన ఊళ్ల గురించి మాత్రం ఒక కథ రాశాను. అందులో నీళ్లలో ఏమీ ఉండదు. పునరావాస కాలనీలో కొత్త ఇంట్లో, ఇక ఏ తలుపుకూ పట్టని పాత తాళంచెవిని రోజూ మొలకు కట్టుకునే ఒక పెద్దాయన ఉంటాడు. కథంతా ఆ తాళంచెవిదే.

సరే, ఇప్పుడు లెక్కలు. దీనికోసమే చాలామంది వచ్చారని నాకు తెలుసు.

అమెరికా రచయితల వీడియోలు చూసి మనవాళ్లు చాలామంది మొదలుపెడతారు. వాళ్ల దారి వేరు. 2007లో అమెజాన్ వాళ్ల ఈబుక్కు యంత్రం కిండిల్ వచ్చింది, దాంతోపాటే ఎవరి పుస్తకం వాళ్లు పెట్టుకునే వీలొచ్చింది. 2010 నుంచి ఒక స్థాయి ధరల మధ్య పెట్టిన ఈబుక్కు 70 శాతం రాయల్టీ. అక్కడి హారర్ రచయిత ఏడాదికి మూడు నాలుగు నవలలు ఈబుక్కులుగా వదిలి, ప్రకటనలు కొనుక్కుని బతకగలడు. 2016 డిసెంబరులో కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం చేర్చారు. మన పేరు ఆ పట్టికలో లేదు. అక్కడే మనకూ వాళ్లకూ దారులు విడిపోయాయి. తెలుగులో సొంత ప్రచురణ అంటే ఇప్పటికీ ముఖ్యంగా అచ్చు పుస్తకం, ప్రతిలిపి లాంటి యాప్‌లలో సీరియల్, ఈ మధ్య ఆడియో. వాళ్ల సలహాల్లో మనకు పనికొచ్చేది ఒక్కటే ఉంది: పాత పుస్తకాలు ఎప్పుడూ అందుబాటులో ఉంచడం. ఆ సంగతి లెక్కలో చెప్తాను.

ముందు టైపింగు. ఇది నా వృత్తి కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తాను. కథను యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా, ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే తెలుగులో, రాసుకోండి. ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో పని నడుస్తుంది. అది వాళ్ల పద్ధతి, పుస్తకం బాగానే వస్తుంది. కానీ మీ దగ్గర అను ఫైలు ఒక్కటే మిగిలితే, రేపు ఈబుక్కుకో యాప్‌కో పెట్టాలంటే మళ్లీ యూనికోడ్‌కు మార్చాలి. మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, వాటిని మళ్లీ ఒక్కొక్కటిగా ఏరుకోవాలి. మండలి, రామభద్ర, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, అచ్చుకూ బాగుంటాయి. ప్రూఫు వేరేవాళ్లతో దిద్దించండి. దెయ్యం తలుపు తీసే చోట ఒక్క ఒత్తు తప్పు పడితే పాఠకుడు నవ్వేస్తాడు, ఇక ఆ కథ లేచి నిలబడదు.

అట్ట గురించి ఒక్క మాట. జుట్టు విరబోసుకున్న అమ్మాయి వద్దు. కంప్యూటరు గీసిచ్చే ఏఐ బొమ్మలు ఇప్పుడు చవకే, కానీ కడప పిల్లను గీయమంటే ఎవరో రష్యా పిల్ల వస్తోంది. నా మొదటి పుస్తకం అట్ట మీద ఒక సర్వే రాయి ఫొటో వేశాను. రైతులు కొన్నారు.

పుస్తకం డెమ్మీ సైజు అనుకోండి. పదహారు పేజీలు ఒక ఫారం. 160 పేజీలంటే పది ఫారాలు. కథ 163వ పేజీలో ముగిసిందంటే మీరు పదకొండో ఫారానికి డబ్బు కడతారు, పదమూడు పేజీలు ఖాళీగా పోతాయి. అప్పుడు ఏం చేయాలి? మూడు పేజీలు కోసేయాలి. హారర్‌లో ఆ కోత చాలాసార్లు చివరి వివరణలోనే దొరుకుతుంది. 'అసలు జరిగిందేమిటంటే' అని ఎవరో పూజారో, పోలీసో కూర్చుని చెప్పే భాగం. కోసేయండి. ప్రెస్సు లెక్క పుణ్యమా అని కథ బాగుపడటం నేను ఎన్నోసార్లు చూశాను.

ఎన్ని కాపీలు? ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు ఎట్లాగూ పెట్టాలి కాబట్టి కాపీలు పెరిగే కొద్దీ ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది. అందుకే 'వెయ్యి వేసుకోండి మేడం, కాపీకి ఇంత తగ్గుతుంది' అంటారు. తగ్గేది నిజమే. ఆ వెయ్యిలో ఆరు వందలు మంచం కింద చెదలకు పోతే తగ్గింది ఎవరికి? మొదట రెండు మూడు వందలు, ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ అచ్చులో వేయించండి. అయిపోతే మళ్లీ వేయించుకోవచ్చు, ఫైలు మీ దగ్గరే ఉంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఇది ఉదాహరణే, ప్రెస్సును బట్టి, కాగితం ధరను బట్టి మారుతుంది. పుస్తకం వెల 200. అచ్చు ఖర్చు కాపీకి 80 పడిందనుకుందాం. షాపుకో డిస్ట్రిబ్యూటరుకో ఇస్తే 40 శాతం కమీషను అనుకోండి, వాళ్లకు 80. మీకొచ్చేది 120, అందులో ఖర్చు 80 పోతే మిగిలింది 40. అది కూడా అమ్ముడయ్యాక, వాళ్లు లెక్క చూసినప్పుడు. అదే పాఠకుడు మీకే డబ్బు పంపి తెప్పించుకున్నాడు. ప్యాకింగు, పోస్టేజీ కలిపి 50 పోయినా 70 మిగిలింది. ఇప్పుడు అసలు సంగతి చూడండి. మీవి మూడు పుస్తకాలున్నాయి. కొత్తది చదివినవాడు పాత రెండూ కూడా కావాలన్నాడు, మూడూ ఒకే పొట్లంలో పంపారు. 600లో అచ్చు 240, పోస్టేజీ 80 అనుకున్నా 280 మిగులుతుంది. పుస్తకానికి 93. మొదటి పుస్తకం అమ్మినప్పటికంటే మూడోది రాశాక ఆ మొదటి పుస్తకమే ఎక్కువ సంపాదిస్తుంది. దీన్ని బతుకంటున్నాను నేను. ఐదారు పుస్తకాలు, వాటిని వెతుక్కునే కొన్ని వందల మంది, వాళ్ల చిరునామాలు మీ దగ్గర. ఇల్లు గడవదు, కానీ రాత అప్పు మీద కాకుండా తన కాళ్ల మీద నడుస్తుంది. తర్వాతి పుస్తకం ఖర్చు ముందు పుస్తకమే పెడుతుంది. ఇంట్లో 'ఈ పిచ్చికి ఎంత తగలేశావు' అనే మాట ఆగిపోతుంది. ఆ మాట ఆగడం చిన్న విషయం కాదు, పెళ్లయిన ఆడవాళ్లకు తెలుసు.

పోస్టు ఒక దెబ్బ కొట్టింది. 2024 డిసెంబరులో, పుస్తకాలు చవకగా పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఆపేశారు. చిన్న ప్రచురణకర్తలందరం దాని మీదే ఉండేవాళ్లం. అప్పటినుంచి ఒక్క పుస్తకం పంపడం దండగ అయిపోయింది, అందుకే రెండు మూడు కలిపి కట్టలుగా అమ్మడం నేర్చుకున్నాం. బుక్ ఫెయిర్లు మంచి దారి. విజయవాడ పుస్తక మహోత్సవం 1989 నుంచి జరుగుతోంది. ఒక్కరే స్టాలు తీసుకుంటే అద్దె కూడా రాదు, నాలాంటి నలుగురం కలిసి తీసుకుంటాం. అక్కడ అమ్ముడయ్యే కాపీల కంటే నోటుపుస్తకంలో పాఠకులు తమ చేత్తో రాసిపోయే చిరునామాలు విలువైనవి.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఉండే అంతర్జాతీయ గుర్తింపు నంబరు, ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లున్నారు. ఇవ్వకండి. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వాళ్లు దాన్ని ఉచితంగా ఇస్తారు, రచయిత తానే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు: 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన ముప్ఫై రోజుల్లో ఒక కాపీ కలకత్తా నేషనల్ లైబ్రరీకి, ఇంకా మూడు లైబ్రరీలకు పంపాలి. పంపండి. మనం అచ్చేసింది మన తర్వాత ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఇట్లాంటి గ్రంథాలయాలకు కూడా ఇవ్వండి. మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది, ఆ బిల్డింగు మనది. కానీ లైబ్రరీలు కొంటాయని ఆశపడి కాపీలు ఎక్కువ వేయకండి.

హక్కుల మాట. దీని మీద కాస్త నిలబడతాను, ఎందుకంటే ఆడియో వచ్చాక హారర్ రచయితలకు గిరాకీ పెరిగింది. చెవిలో చెప్తే భయం బాగా పని చేస్తుంది మరి. ఒక ఆడియో కంపెనీ వాళ్లు నాకు పంపిన ఒప్పందంలో, ఇప్పుడున్న, ఇకపై కనిపెట్టబోయే అన్ని మాధ్యమాల హక్కులూ శాశ్వతంగా వాళ్లవే అని ఉంది. ఇచ్చేది ఒక్కసారి, ఒక మొత్తం. దస్తావేజులు టైపు చేసే మనిషిని కాబట్టి నేను చివరిదాకా చదివాను. 1957 కాపీరైట్ చట్టంలో 19వ సెక్షను చదవండి, తెలుగులో ఎవరితోనైనా చెప్పించుకోండి. ఎంతకాలానికి ఇస్తున్నారో ఒప్పందంలో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేలా లేకుంటే, అది మనకే తిరిగొస్తుంది. అందుకే వాళ్లు 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా', 'వాడకపోయినా' అని ఇంత పొడుగు రాస్తారు. ఆ మూడు చోట్ల పెన్ను పెట్టి కొట్టేయమని అడగండి. నేను ఆడియో హక్కు మాత్రం, తెలుగుకు మాత్రం, మూడేళ్లకు ఇస్తానన్నాను. వాళ్లు కుదరదన్నారు. ఇంకొకళ్లు సరేనన్నారు.

కాపీరైటు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు మీది. కావాలంటే 500 రూపాయల ఫీజుతో సాహిత్య రచనను రిజిస్టరు చేసుకోవచ్చు, గొడవ వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. హక్కు రచయిత బతికున్నంత కాలం, పోయాక ఇంకో అరవై ఏళ్లు. దెయ్యమయ్యాక కూడా రాయల్టీ వచ్చే వృత్తి ఇదొక్కటే. (నవ్వులు) కానీ మర్రిచెట్టు మీద దెయ్యమనే ఊహకు హక్కుండదు, మీరు రాసిన వాక్యాలకే ఉంటుంది. యూట్యూబులో ఎవరో మీ కథను అక్షరం పొల్లుపోకుండా చదివి పెడితే తీయించవచ్చు. ఫిర్యాదు ఫారం అక్కడే ఉంటుంది, వకీలు అక్కర్లేదు.

యాప్ సీరియళ్ల గురించి త్వరగా చెప్పేస్తాను. ఫోనులో చదివేవాళ్లకు ప్రతి భాగం చివరా ఏదో ఒకటి వేలాడాలి. అది ఒక విద్య, నేర్చుకోదగ్గదే. పాఠకులు అక్కడ వేలల్లో దొరుకుతారు, డబ్బు చిన్న మొత్తాల్లో దొరుకుతుంది. నేను అక్కడ రాసింది పుస్తకం చేసేటప్పుడు ఆ వేలాడే ముక్కలన్నీ కత్తిరిస్తాను. పుస్తకంలో పాఠకుడు ఆగకుండా చదువుతాడు కదా, పదేపదే అదిలిస్తే చిరాకు. ఏ యాప్ అయినా పెట్టేముందు షరతులు చదవండి, అచ్చు హక్కు మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్నలేమైనా ఉంటే...

(సభలో నుంచి: రాత్రిపూట ఒక్కరే రాస్తుంటే మీకు భయం వేయదా అక్కా?)

రాసేటప్పుడు వేయదు తమ్ముడూ, అప్పుడు పనిలో ఉంటాం. వేరేవాళ్లు ఫోన్ చేసి చెప్పేవాటికి వేస్తుంది. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది, కాళ్లూ చేతులూ కదల్లేదు అని చాలామంది చెప్తారు. అది నిద్రలో జరిగేదే. కలలు వచ్చే నిద్రలో ఒంటిని మెదడు కదలనివ్వదు, ఆ పట్టు వదలకముందే మెలకువ వచ్చేస్తుంది. నేను వాళ్లకు ఆ సంగతే చెప్తాను. కథలో మాత్రం చెప్పను.

(సభలో నుంచి: మేడం, నేను డిగ్రీ చదువుతున్నా. నా దగ్గర ఎనిమిది కథలున్నాయి. పుస్తకం వేసుకోవచ్చా?)

ఇప్పుడే వద్దమ్మా. ఎనిమిదిలో నీకు బాగా నచ్చిన ఒక్కటి జిరాక్సు తీయించి, నీ స్నేహితులకు కాకుండా, నువ్వెవరో తెలియనివాళ్లకు ఇవ్వు. ఈ లైబ్రరీలోనే పేపరు చదవడానికొచ్చే పెద్దవాళ్లున్నారు. ఎక్కడ చదవడం ఆపేశారో అడుగు, బాగుందా అని అడగొద్దు. ఇంకో కథ కావాలని వాళ్లంతట వాళ్లు అడిగితే పేరూ, ఊరూ రాసుకో. ఆ పట్టిక ఒక వందకు చేరాక నా దగ్గరికి రా, కొటేషను వేద్దాం. నా నంబరు పుస్తకం చివరి పేజీలో ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక చెయ్యి, పగలంతా రిజిస్ట్రేషన్ల పని ఉంటుంది.